గాలిసంచి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీకి వెళ్లేసరికి
సైరన్ గొంతులో పాత లుంగీ ముక్క ఉంది.
స్క్రూడ్రైవర్‌తో లాగాను.
మడత మీద మడత పెట్టి కుక్కిన గుడ్డ,
నిద్రపట్టని మనిషెవరో చాలా ఓపిగ్గా చేసిన పని.

"ఊరికే మోగుద్దండీ," అన్నాడు నైట్ వాచ్‌మన్ నాగుల్‌మీరా,
సిగ్గేం లేదు, పైగా నా మీద జాలి.
"మిరపఘాటుకి మా మనుషులే తుమ్మటం మానేశారు,
ఈ పెట్టె ఎందుకు తుమ్ముద్దో మీరే చెప్పాల."

ఘాటుకి కాదు మీరా.
దాని కడుపులో చిటికెడు మందు ఉంటుంది,
రెండేళ్లకి ముసలిదైపోతుంది.
ముసలాళ్లు లేని చప్పుళ్లు వింటారు చూడు, అట్లా.
మార్చమని పోయినేడు రాశాను. మొన్న వేసవిలో రాశాను.
నా కాగితాలు ఆఫీసులో
తేజ రకం ధరల పట్టీ కింద భద్రంగా ఉన్నాయి.

కొత్తది బిగించాను.
పాతిక దగ్గర మోగాలి.
నిచ్చెన మీద నిలబడి
అమ్మోనియాలో ముంచిన దూది చూపించాను,
పసిబిడ్డ ముక్కు దగ్గర పువ్వు పెట్టినట్టు.
పది. పదిహేడు.
ఇరవై నాలుగు దగ్గర కాసేపు ఆలోచించి
మోగింది.

లోపల లక్ష టిక్కీల మిరప
నిద్రలో ఒత్తిగిల్లినట్టయింది.
మనుషులు మాత్రం కదల్లేదు.
తొడిమలు తీసే ఆడవాళ్లు ముప్పైమంది
గొంతు కొంచెం పెంచి అదే కబురు సాగించారు.
హమాలీ ఒకడు భుజమ్మీద టిక్కీతో
నా నిచ్చెన చుట్టూ తిరిగి వెళ్లాడు.

ఇరవై రెండేళ్లుగా బిగిస్తున్నాను.
చప్పుడు బిగించగలను.
భయం ఏ షాపులో దొరుకుతుందో తెలియదు.

ఒక్కతే లేచింది. సామ్రాజ్యం.
చెంబులో నీళ్లు కొంగు మీద పోసుకుంది,
ముక్కుకి అడ్డం పెట్టుకుంది,
గేటు వైపు కాదు, ముందు
రేకుల చూరు అవతలకి తలెత్తి చూసింది.
ఇనప గొట్టం చివర
గాలిసంచి ఉండాల్సిన చోట
నారింజ రంగు పోగులు మూడు వేలాడుతున్నాయి.
వేలు తడిపి పైకెత్తింది.
"తూరుపు నించి. ఎదురెళ్లాల. లెగండే!"

"ఉత్త పరీక్షేనమ్మా," అని నిచ్చెన మీంచి అరిచాను.
ఆమె తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
అప్పటికే ఆమె వెనక పదకొండు మంది నిలబడి ఉన్నారు.

టీ దగ్గర చెప్పింది:
వేరే స్టోరేజీ, వేరే ఏడు, పైపు పగిలింది.
అందరూ గేటుకేసి పరిగెత్తారు.
గాలీ గేటుకేసే పరిగెత్తింది.
అంతవరకే చెప్పి గ్లాసు బోర్లించింది.
ఎడమ కన్ను ఎర్రగా, ఎప్పుడూ తడిగా ఉంటుంది.
మిరప వల్లనుకున్నాను, పొద్దుట్నించీ.

మర్నాడు సంతకాలకి వెళ్తే
గొట్టం చివర సైకిల్ రిమ్ము,
రిమ్ముకి చేత్తో కుట్టిన పాత నైలెక్స్ చీర,
పసుప్పచ్చ మీద మామిడిపిందెలు.
ఆకు కదలని గుంటూరు మధ్యాహ్నం,
అది కునుకు తీస్తోంది.

"ఏ కంపెనీది?" అన్నాడు మేనేజరు.
"ఫారంలో గడి ఉంది సార్, రాస్తున్నాను."
గాలి దిశ సూచిక: ఉంది.
తయారీ: సామ్రాజ్యం.

గేటు దగ్గర నాగుల్‌మీరా
నవ్వుతూ చెయ్యి చాపాడు, "నా లుంగీ ముక్క."
ఇవ్వలేదు.