గుండు వీసా

శనివారం మధ్యాన్నం శ్రీసిటీలో షిఫ్టు దిగి
మునిరత్నం కారులో తిరుపతికి బయల్దేరాం,
మన్‌సిక్ గారు, ఆయన భార్య ఒక్‌జూ,
పలాస నుంచొచ్చిన నేను.

మన్‌సిక్ గారి తలమీది జుట్టు
కొడుకు పుట్టకముందే రాజీనామా చేసింది.
ఆ సంగతి తిరుపతికి తెలీదు.
బస్టాండు దగ్గరే ఒక పెద్దాయన చేతులు జోడించి
"దర్శనం బాగా జరిగిందా సామీ?" అన్నాడు.
అరటిపళ్లామె రెండు పళ్లు కొసరేసింది.
తాతతో సహా గుండ్లైన కుటుంబమొకటి
ఆయన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో దిగింది.
గంధం పెట్టుకోలేదేమని ఒక అవ్వ
తన ఆకులోంచి తీసి నున్నగా పూసింది.
కళ్లు మూసుకుని పూయించుకున్నాడు.
ఒక్‌జూ నవ్వీ నవ్వీ
సత్రం మెట్ల మీద కూలబడింది.

చంద్రగిరి దారిలో సంగటి.
ముద్దని నములుతున్నాడు, నములుతూనే ఉన్నాడు.
"నమలగూడదు నాయినా, ఊరిబిండిలో అద్ది మింగాల."
మింగాడు. కళ్లల్లో నీళ్లు.
ఏదో అన్నాడు కొరియా భాషలో.
ఒక్‌జూ దాన్ని ఇంగ్లీషు చేసింది.
నేను తెలుగు చేశాను:
"ఆలమ్మ సేసిన కారంలా నాగుందంట!"
హోటలామె మునిరత్నం వైపు చూసింది,
"ఈ పాప ఏమంటాండాదబ్బా?
ఈమెది ఏ దేశం?"

రేణిగుంట దాటాక రైలు గేటు పడింది.
చీకట్లో మన్‌సిక్ గారు
"పొయ్యొస్తాము, పొయ్యొస్తాము" అని
గేటుకే వల్లెవేస్తున్నాడు.
వెనక సీట్లో నేను కూడా,
పెదాలు కదలకుండా.

ఎండిన గంధం కాలరు మీద రాలుతోంది.
సోమవారం దాకా కడగడట.