మొండి గొట్టం

సైలెన్సర్ కోసి పారేసిన రోజు
నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.
దాని బదులు మూడంగుళాల గొట్టం, అడ్డూ ఆపూ లేకుండా
పాత వోల్వో ఇంజన్ నుంచి వెనక బంపరు దాకా.
స్ట్రోమ్‌సుండ్ పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్ళు
తలలు తిప్పి చూసేవాళ్ళు.
ఆ తిరిగిన తలల కోసమే చేశాను, అబద్ధమెందుకు.

ఊళ్ళో బాగానే ఉండేది.
హైవే మీద, సరిగ్గా తొంభై ఎనిమిది దగ్గర,
అది గొంతు కాదు, బరువు.
దిండు కింద ఎవరో పిండిమర తిప్పుతున్నట్టు
రెండు కణతల మధ్యా ఒకే ఒక్క రొద.
తొంభై రెండులో లేదు. నూట అయిదులో లేదు.
తొంభై ఎనిమిదిలో మాత్రం
కప్పులో కాఫీ మీద వలయాలు లేచేవి.
రానూ పోనూ రెండు వందల కిలోమీటర్లు.
ఇంటికొచ్చి కుళాయి కట్టేశాక కూడా
తలలో ఏదో పారుతూనే ఉండేది.

డిక్కీలో తారు షీట్లు పరిచాను,
కారు బరువెక్కింది, రొద తగ్గలేదు.
రబ్బరు హ్యాంగర్లు మార్చాను.
చెవుల్లో దూది పెట్టుకుని నడిపితే
దూది కూడా మోగింది.

నవంబర్‌లో సిగ్‌బ్రిట్ ఎక్కింది.
చర్చిల్లో ఆర్గన్లకి శ్రుతి చేసే మనిషి, అరవై ఏడేళ్ళు,
ఆవిడ వ్యాను గేర్‌బాక్సు పోయి రెండు వారాలు.
ఒళ్ళో తోలు సంచి, దాన్నిండా చిన్న గొట్టాలు,
ఒక్కోటీ ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, పొత్తిళ్ళలో పిల్లల్లా.
తొంభై ఎనిమిది వచ్చింది.
క్షమించమనబోయి, వినపడదని మానేశాను.
ఆవిడ కళ్ళు మూసుకుని, గడ్డం ఛాతీకి ఆనించి
నా కారుతో పాటు కూనిరాగం తీసింది.
హామర్‌డాల్‌లో పెట్రోలుకి ఆగినప్పుడు
"సెకనుకి ఎనభై రెండు ఊపులు" అంది, "వెంట్రుకవాసి తక్కువ.
దీనికి పాడటం వచ్చు. ఆపడమే రాదు."

దారి పక్కన ఒక మొండి సందు వెయ్యి, అంది.
ఒక కొసన మూత ఉన్న గొట్టం.
రొద అందులో దూరి, గోడకి కొట్టుకుని వెనక్కొస్తుంది,
వచ్చేసరికి ఎదురుగా తనే.
తనకి తనే ఎదురుపడితే
ఎంతటి వాగుడుకాయైనా నోరు మూస్తుంది కదా.
పొడవు మాత్రం అలలో నాలుగో వంతు ఉండాలి.

లెక్క వేశాను. మీటరూ అయిదు సెంటీమీటర్లు.
కోశాను, అతికాను, మూత వెల్డింగ్ చేశాను.
మర్నాడు తొంభై ఎనిమిది దగ్గర అదే పిండిమర.
"ఏ గాలికి లెక్క వేశావు?"
బయటి గాలికి.
"లోపలిది వేడి ఊపిరి. వేడిలో శబ్దం పరిగెడుతుంది.
ఎండాకాలం ఆర్గనూ చలికాలం ఆర్గనూ ఒకటి కాదు,
నలభై ఏళ్ళు ఆ తేడా సరిచేసే బతికాను."

మళ్ళీ కోశాను. నూట నలభై ఆరు.
నేరుగా పట్టక, వెనక ఇరుసు పక్కన
ముడుచుకు పడుకున్న కుక్కలా వంచాను.
రవ్వ ఒకటి కాలరులో పడి మెడ కాల్చింది.

శుక్రవారం. మంచు పడి ఆగింది.
తొంభై ఆరు. ఏడు. ఎనిమిది.
దెబ్బ పడబోతున్నవాడిలా స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను.
పడలేదు.
టైర్ల కింద మంచు నలుగుతోంది.
ఆవిడ సంచిలో గొట్టం గొట్టానికి తగులుతోంది.
ఎవరిదో పిల్లికూత లాంటి ఊపిరి, కాసేపటికి తెలిసింది నాదేనని.
ఏం మాట్లాడాలో తెలీక ఇద్దరం
నాలుగు కిలోమీటర్లు అలాగే వెళ్ళాం.
కొండెక్కుతూ కాలు నొక్కితే పాత గర్జన తిరిగొచ్చింది,
ఇద్దరికీ నవ్వొచ్చింది.

మళ్ళీ సమమైన రోడ్డు.
అప్పుడు వినపడింది,
వెనక ఎడమ చక్రం దగ్గర ఈగంత మూలుగు.
బేరింగు. ఎన్ని నెలలుగా చెబుతోందో.
సిగ్‌బ్రిట్ తల పక్కకి వాల్చి వింది.
"ఇది శ్రుతిలోనే ఉంది" అంది.
"అయినా సోమవారం దాకా ఆగకు."