నూట డెబ్భై ఆరో మెట్టు

నది కిందే ఉంది.
బ్యారేజీ మీద నిలబడితే డెబ్భై గేట్ల వెనక
కనుచూపు మేరా నీళ్ళే.
అవి కొత్తపేట కొండెక్కాలంటే మాత్రం
మూడు చోట్ల మోటారు తిరగాలి,
మోటారుతో పాటే కరెంటు మీటరూ తిరగాలి.

నేను బిల్లు మిషను మెడలో వేసుకుని
మోకాళ్ళతో ఎక్కుతాను.
ముప్ఫై ఏళ్ళ సర్వీసులో
ఏ ఆడిటరూ తప్పు పట్టని లెక్క
ఈ మెట్ల లెక్కొక్కటే.

మా కనకలింగం సారు బల్ల మీద కాగితం పరిచి
వేలు పెట్టి చదువుతాడు:
కరెంటోళ్ళకింత, అప్పు వాయిదా ఇంత,
పటిక, క్లోరిను, పాత పైపుల అతుకులు...
"వెయ్యి లీటర్లు పైకి తోస్తే మనకయ్యేది ఇరవై.
రావాల్సింది ఆరు.
ఆ ఆరూ రావట్లేదయ్యా."
రేటు పెంచితే ఆఫీసు ముందు కుండలు పగులుతాయి.
పెంచకపోతే రోడ్డు కింద పైపులు.
మెయిన్ రోడ్డు మీది రెండు పెద్దాఫీసుల బకాయి పేజీ
చూడనట్టే తిప్పేసి
వేలు తడిపి, కొండ పేజీ తీస్తాడు.

నూట డెబ్భై ఆరో మెట్టు పక్కన రేకుల ఇల్లు.
ఆమె పేరు సామ్రాజ్యం.
ప్రెజరు చాలదని గొయ్యి తవ్వి
కుళాయిని నేల కిందకి దించుకుంది.
తెల్లారగట్ల నాలుగూ ఇరవైకి
పైపు ముందు దగ్గుతుంది.
ఆ దగ్గుకి వరసంతా లేస్తుంది.
తర్వాత ఆమె బస్టాండు ఎదురు లాడ్జికి పోయి
కుళాయి కట్టడం ఎరగని వాళ్ళ
గదులు కడుగుతుంది.

బకాయి చెప్పాను. రెండువేల నూటనలభై.
గొడవ పడుతుందనుకున్నాను,
నీళ్ళు రాని రోజులకి కోత లేదా అనో,
గొట్టమే వెయ్యకుండా డ్రైనేజీ డబ్బులేంటనో.
అలాంటివాటికి మిషన్లో మీట లేదు.
ఆమె అంట్ల నీళ్ళు మెట్లెంట దిగి
నాకంటే ముందే ఏలూరు కాలవలో కలుస్తాయి,
రసీదు లేకుండా.

ఏమీ అనలేదు.
ఉప్పు డబ్బాలోంచి మూడు వందలు తీసింది.
"మొత్తం నావల్ల కాదు. దీనికి చీటీ కొట్టు.
పేరు బాగా కనపడాలి. ఇంటి నంబరు కూడా."

డబ్బా అడుగున పాలిథిన్ కవర్లో
పదకొండేళ్ళ మా రసీదులు,
ఒక్కోదానికీ జెరాక్సు.
కొండ సర్కారుది. పట్టా లేదు.
రేపెవరైనా వచ్చి ఖాళీ చెయ్యమంటే
ఇక్కడ ఒక మనిషి నీళ్ళు తాగి బతికిందని చెప్పేది
మేము పంపిన బాకీయే.

మిషను కాగితం ఆర్నెల్లకి తెల్లబడుతుందని నాకు తెలుసు.
పెన్ను తీసి రసీదు వెనక
పేరూ నంబరూ రాసిచ్చాను.
రూల్లో లేదు.

పోయేముందు గ్లాసుడు నీళ్ళిచ్చింది.
వెయ్యి లీటర్లు ఇరవై అయితే
గ్లాసు ఎంతవుతుందో
సగం తాగి లెక్కేయబోయి
మిగతా సగమూ తాగేశాను.