బిగువు తప్పిన వరస

నరసాపురం రేవులో నిలబడ్డాను, పంటు ఇంకా అవతలే ఉంది.
సఖినేటిపల్లి ఒడ్డున రెండు ట్రాక్టర్లు, ఒక పెళ్లివ్యాను
తాపీగా ఎక్కుతున్నాయి.
ఇంతసేపూ ఏం చెయ్యను,
సంచిలోంచి ఆ గుండ్రటి లేసుముక్క తీశాను.

సంఘంలో వెంకటరత్నంగారు వెనక్కిచ్చేసిన ముక్క.
"పదకొండో వరస చూడు సుభాషిణీ,
బిగువు లేదు, ముడి తిరగబడింది.
ఎవరి చెయ్యి ఇది?"

ఎవరి చెయ్యని చెప్పను.

ఆల్మాటీలో చేతిపనుల సంత అయ్యాక
కాస్పియన్ ఒడ్డున ఇంకో సంత ఉందని
మమ్మల్ని రైలెక్కించారు. మూడు రాత్రులు.
మావాళ్లంతా ఒక బోగీ, నేనొక్కదాన్నీ ఇంకో బోగీ.
ఎదుటి బల్ల మీద ముసలావిడ,
పైబల్ల మీద సైన్యం నుంచి సెలవు దొరికిన కుర్రాడు,
మూటల మధ్య మూటలాగా నేను.

మొదటి పూట ఎవరి టీ వాళ్లం తాగాం.
బయట గడ్డి. తర్వాత గడ్డి.
ఒక ఒంటె. మళ్లీ గడ్డి.
కాలవ లేని నేల అంత దూరం ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పూతరేకుల పెట్టె విప్పాను.
కుర్రాడు, పేరు ఎర్లన్, ఒకటి తీసుకుని
పొర వెంట పొర ఒలిచి పక్కన పెట్టి
లోపల మిఠాయి కోసం వెతికాడు.
"కాగితం కాదురా నాయనా, అదే!" అన్నాను.
తెలుగులోనే అన్నాను, ఏం పోయింది?
ముసలావిడ నవ్వితే బంగారు పన్ను కనిపించింది.
జేబులోంచి తెల్లటి గోళీలు తీసి నా గుప్పిట్లో పోసింది.
ఎండబెట్టిన పెరుగు. ఉప్పు. రాయి.
మిరపకాయ పారిపోయిన చల్లమిరపకాయ.
దవడన పెట్టుకుని
ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా చప్పరించాను.

మీదే ఊరు అన్న మాట
ఏ భాషలో అడిగినా తెలిసిపోతుంది.
చెమ్మపట్టిన కిటికీ అద్దం మీద వేలితో గోదారి గీశాను.
ధవళేశ్వరం దాకా ఒకటే గీత,
అక్కణ్ణించి గౌతమి, వసిష్ఠ, వైనతేయ,
చీలుతూ, చీలుతూ.
కొసల నుంచి నీటిబొట్లు కారాయి.
రౌషన్ అవ్వ తలూపి
రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు విప్పి, గాలికి ఆడించింది.
చెట్టనుకుంది.
కాదనడానికి నా దగ్గర మాట లేదు.
ఉన్నా అనేదాన్ని కాదేమో.

రెండో రాత్రి లేసు అల్లుతూ అల్లుతూ తూలాను.
మెలకువొచ్చి చూస్తే లేసుసూది ఆవిడ చేతిలో ఉంది,
నా కళ్లజోడు ఆవిడ ముక్కు మీద ఉంది.
పదకొండో వరస సగం దాటింది.
కూరగాయల కత్తి పట్టినట్టు పట్టింది సూదిని,
అయినా గొలుసు తెగలేదు.

తెల్లారగట్ల ప్లాట్‌ఫారం లేని చోట రైలు ఆగింది.
ఎర్లన్ మూటలు దించాడు. ఆవిడ దిగింది.
రైలు కదిలాక గుర్తొచ్చింది,
నా కళ్లజోడుతోనే దిగిపోయింది.
మిగతా సగం వరస
నేను తడుముకుంటూ అల్లిందే.

"ఒక్క వరసేగా, విప్పి మళ్లీ అల్లు," అన్నారు వెంకటరత్నంగారు.
ఒక్క వరసే.
ఆవిడ నాకేం వరసవుతుందో అడిగే లోపు
మాట మార్చి ధర గురించి మాట్లాడారు.

పంటు వచ్చింది. ఎక్కాం.
ఇంజను దగ్గి, దగ్గి,
వసిష్ఠ కొమ్మ మీదికి కదిలింది.
పక్కనావిడ పీతల బుట్ట నా కాలికి తగిలింది.
లేసు మడిచి సంచిలో పెట్టుకుని
కొంచెం జరిగాను.
"మీదే ఊరండీ?"