మొప్ప ఎత్తి చూసినట్టు

దావిన్ బజారులో ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతున్నాను.
మొప్ప ఎత్తి చూడకుండా ఏదీ కొనను.
ఎర్రగా ఉంటే తెల్లవారుజాము సముద్రం,
గోధుమరంగుకి తిరిగితే మొన్నటి అబద్ధం.
ఇక కూతురి ఊపిరి కొనబోతూ
కళ్ళు మూసుకుంటానా?

రిజాలిన్‌కి పంతొమ్మిది.
నీళ్ళడుగున చుట్టాలకి దారి చూపే పని
నేర్చుకుంటానంది.
వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

క్రిసాంతోకి అడుగు తెలుసు.
టైర్లకి గాలికొట్టే కంప్రెసర్,
పళ్ళమధ్య తోటకి నీళ్ళుపెట్టే గొట్టం,
నలభై మీటర్ల లోతు,
వల నిండగానే ఒక్క ఉదుటున పైకి.
అప్పట్నుంచీ ఆయన మోకాళ్ళు ఆయన మాట వినవు.
ఆ గాలికి డీజిల్ కంపు ఉండేదట.
పెళ్ళైన కొత్తలో దిండుకీ అదే కంపు.

సోమవారం సరుకు తొందరగా తెగింది.
గంప తోటికోడలికి అప్పజెప్పి బయల్దేరాను,
కూతురు సిగ్గుతో పదడుగులు వెనక.

మొదటి కొట్టు రోడ్డుమీదే. నీలి అద్దాలు.
కూర్చోగానే కాఫీ.
కుర్రాడు అరచేతిలో స్వర్గం చూపించాడు,
మూడ్రోజుల్లో పిల్లని చేపని చేస్తాడట.
"మునగకుండా వెనక్కొచ్చేసిన రోజుందా, బాబూ?"
"నేనా? ఇంతవరకూ లేదు!"
గుండెమీద చెయ్యేసుకున్నాడు.
పక్కన వేలాడే రబ్బరు గొట్టాన్ని వంచి చూశాను.
మడత దగ్గర సన్నటి పగుళ్ళు.
కాఫీ మాత్రం నిజంగా బాగుంది.

రెండోది మా ఆయన మేనల్లుడిది.
సగం ధరే అన్నాడు, అత్తవి కదా అన్నాడు.
ఎనిమిదిమంది పిల్లలు, ఒక్కడే గురువు.
"నీళ్ళలో ఇంతమందినీ ఎలా చూసుకుంటావురా?"
"వాళ్ళే నన్ను చూసుకుంటూ వస్తారత్తా."
చుట్టరికం కూరలోకి బాగుంటుంది.
లేచి వచ్చేశాను.

మూడోది చర్చి వెనక సందులో.
బోర్డుమీద పేరు సగం ఉప్పు తినేసింది.
తియోదుల్ఫా అనే ఆవిడ, పొట్టి మనిషి,
నేలమీద కూర్చుని ఏదో చిన్న రబ్బరు ఉంగరాన్ని
లెన్సుపెట్టి చూస్తోంది.
సామాన్లు కడిగే తొట్టిలో వేలు ముంచి
నాలుకమీద పెట్టుకున్నాను. మంచినీళ్ళే.
సూటు ఎత్తి చంకల దగ్గర వాసన చూశాను.
"అమ్మా!" అంది కూతురు, పళ్ళబిగువున.
తియోదుల్ఫా నవ్వలేదు.
"ఇదీ చూడండి," అని ఇంకోటి అందించింది.

అదే ప్రశ్న అడిగాను.
కాసేపు ఆలోచించి, "మంగళవారం," అంది.
"బోటు ఆపాక ప్రవాహం తిరిగింది.
మనీలా ఆయన బాగా తిట్టాడు.
డబ్బు వాపసిచ్చేశాను."
ఆ నెలకి అది ఎంత డబ్బో
ఆవిడ చెప్పుల్ని చూస్తే తెలుస్తోంది.

అప్పుడు నన్నొదిలేసి పిల్లవైపు తిరిగింది.
చెవిపోటు వస్తుందా, ఉబ్బసం ఉందా,
నీళ్ళలో నీకు భయం ఎక్కడ?
రిజాలిన్ నావైపు చూడకుండా చెప్పింది:
"పైకి వచ్చేటప్పుడు."

పంతొమ్మిదేళ్ళు కడుపున పెట్టుకుని పెంచాను,
ఆ మాట నాతో అనలేదు.
తియోదుల్ఫా పుస్తకంలో రాసుకుంది.
"అయితే అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

చివరగా, సిలిండర్ తెరవమన్నాను.
మర కాస్త తిప్పింది. ముక్కు దగ్గరపెట్టాను.
డీజిల్ లేదు. నూనె లేదు. చెమట లేదు.
ఏ చేప ఏ పూట పడిందో చెప్పే ఈ ముక్కుకి
జన్మలో మొదటిసారి
ఏమీ దొరకలేదు.

ధర ఎక్కువే.
తగ్గించమనలేదు, వాయిదాల్లో ఇస్తానన్నాను.
అదీ బేరమే, కాదనను.

రాత్రి దీపం ఆర్పాక
క్రిసాంతో గోడని అడిగాడు:
"ఎంత మెల్లగా తెస్తుందట పైకి?"
"నిమిషానికి తొమ్మిది మీటర్లు.
ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలట,
ఏ పనీ లేకుండా, ఊరికే."

మంచం కిర్రుమంది.
ఎంతో కష్టపడి ఆ మోకాళ్ళతో
ఇటువైపు తిరిగాడు.
చీకట్లో ఆయన పెదాలు కదులుతున్నాయి,
లెక్కపెడుతున్నాడు.