మోటారు లేని చేప

ట్రోమ్సోలో జనవరి. మధ్యాహ్నానికే దీపాలు.
తోరున్ చేతిలో జానెడు చేప:
సిలికాన్ తోక, దాని గాడుల్లో రెండు తీగలు,
తలవెంట్రుక కన్నా కాస్త లావు.

పడవ నడిపే ఐలర్ట్ తిప్పి తిప్పి చూశాడు.
"మోటారేదీ?"
లేదు.
కరెంటు తగిలితే కుడి తీగ ముడుచుకుంటుంది,
తోక అటు.
అది చల్లారేలోగా ఎడమది లాగాలి,
తోక ఇటు.
అంతే ఈత.

ల్యాబులో గాలి వేడిని తొందరగా తీసుకునేది కాదు,
ఒక్కో ఊపుకి ఆరు సెకన్లు,
బల్ల మీద చేప ఆవులించినట్టుండేది.
ఫ్యోర్డ్ నీళ్ళకి ఆ మొహమాటం లేదు,
ముట్టుకోగానే వేడంతా గుంజుకున్నాయి.
సెకనుకో ఊపు!
బ్యాటరీ మాత్రం చిల్లుకుండ.

చప్పుడు లేదు.
తెడ్డు తగిలితేనే చెదిరే హెర్రింగు పిల్లలు
దాని పక్కనుంచే, తీరిగ్గా.

పదకొండో నిమిషాన ఎడమవైపు ఆగింది.
తీగ తెగలేదు. గాడిలో బుడగ చిక్కిన చోట
నీళ్ళు తగల్లేదు, తోరున్ కరెంటు పెంచింది,
కాలి కాలి, ఎంత పొడవుకి తిరిగి రావాలో
మరిచిపోయింది.

ఐలర్ట్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోశాడు.
ఆమె వంకర తీగని అందులో ముంచింది.
సగం నిటారుగా లేచింది.
మిగతా సగం
అలాగే ఉంది.

ఆ కాఫీ ఆయనే తాగాడు.