తినని పెరుగు

గుణుపూర్ బస్టాండు వెనక మా మెస్సులో
మూడేళ్లు తిన్నాడు లక్కాయి గమాంగ్.
పెరుగు గిన్నె వస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.
"పాలు దూడవి కదక్కా."
బల్లలన్నీ నవ్వేవి. నేనూ.

రాత్రి లూవెన్ నుంచి ఫోను.
చదువు బానే ఉందట. తిండే,
ఏది ముట్టుకున్నా వెన్న తగుల్తోందట.
వారం తిరిగాక
ఏదో సందులో ఆకుపచ్చ అక్షరాల బోర్డు.
"మా కొండ తిండికి ఇక్కడో పేరుందక్కా,
రేటు కూడా!"

చోడిపిండి పట్టుకెళ్లాడు గానీ
ఆ చలికి అంబలి పులవడం లేదట.
కుండకి దుప్పటి చుట్టు, పొయ్యి పక్కన పెట్టు,
పొద్దున్న దాకా మూత తియ్యకు అన్నాను.

ఫోను పెట్టేశాక
నిద్ర పట్టక పాత ఖాతా తీశాను.
నెల నెలా, వాడి పేరు కింద,
నా రాతే:
పెరుగు, నూట ఇరవై.